అతికిన ఎముక, దిగిన సీటు: ఒక సైక్లిస్టు కేసు

ఈ కేసులో ఎముక సంగతి నిజానికి చిన్నది. విరిగింది, ఎక్స్‌రేలో కనిపించింది, టైముకి అతికింది. ఆ తర్వాత వచ్చిన మోకాలి నొప్పి దగ్గర నేను మూడు వారాలు తప్పు దారిలో నడిచాను. నేను ఫిజియోథెరపిస్టుని, ఈ రాత ఆ తప్పు కోసమే. పేషెంటు ఒప్పుకున్న మీదటే రాస్తున్నాను, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆయనకి 47 ఏళ్లు. జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. క్లినిక్‌లో మేమంతా లెక్కల సార్ అనేవాళ్లం, ఇక్కడా అలాగే అంటాను. నాలుగేళ్లుగా ఆదివారాలు సైకిల్ తొక్కుతున్నారు. రేసులూ పతకాలూ లేవు. తెల్లవారుజామున బయల్దేరి హైదరాబాద్ శివార్లలో గండిపేట, హిమాయత్‌సాగర్, చిలుకూరు చుట్టూ నలభై యాభై కిలోమీటర్లు తిరిగి, దారిలో ఇడ్లీ తిని పదింటికల్లా ఇంటికొచ్చే బాపతు. షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది, దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. సైకిల్ మొదలుపెట్టింది కూడా ఆ రిపోర్టు చూసి భయపడే.

2025 జనవరి 19, ఆదివారం. హిమాయత్‌సాగర్ వైపు ఒక మలుపు, పల్చగా పొగమంచు. ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు పక్కన పోయించిన ఇసుక సగం రోడ్డు మీదికి పాకి ఉంది. ముందు చక్రం జారింది. చెయ్యి చాపి ఆపుకునే వ్యవధి కూడా లేకుండా కుడి భుజం మీద నేరుగా పడ్డారు. హెల్మెట్ కుడివైపు అడ్డంగా చీలింది. దాన్ని ఫెవిక్విక్‌తో అతికించి మళ్లీ వాడదామని చూశారట, తర్వాత తెలిసి కేకలేశాను. లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే, ఆ హెల్మెట్ చెత్తబుట్టకే.

కుడి కాలర్ బోన్ మధ్య భాగంలో విరిగింది. బడి పుస్తకాల్లో జత్రుక అని రాసేది దీన్నే. సైకిల్ మీద నుంచి పడ్డవాళ్లలో మేము తరచూ చూసే ఎముక ఇది, అందులోనూ ఎక్కువగా మధ్యలోనే విరుగుతుంది. ముక్కలు పెద్దగా పక్కకి జరగలేదు, పొడవు తగ్గింది ఒక సెంటీమీటరు లోపే. ఎముకల డాక్టరు ఆపరేషన్ అక్కర్లేదని స్లింగ్ వేసి పంపారు. ముక్కలు బాగా దూరమైనా, రెండు సెంటీమీటర్ల దాకా పొట్టిబడినా, విరిగిన కొస చర్మాన్ని లోపలి నుంచి గుడారంలా పైకి ఎత్తుతున్నా, చెయ్యి తిమ్మిరెక్కినా లెక్క వేరు. అవేవీ ఈయనకి లేవు.

నా దగ్గరికి వచ్చింది పదో రోజున. స్లింగ్ పట్టీ మెడ మీద ఒరుసుకుని ఎర్రటి గీత పడింది. వాళ్లావిడ దాని కింద చేతిరుమాలు మడిచి పెట్టి పిన్నీసు గుచ్చింది. ఇంట్లో అప్పటికే ఒక యుద్ధం నడుస్తోంది. వాళ్లమ్మది చిత్తూరు జిల్లా, పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించాల్సిందేనని పట్టు. ఆ ఊరి కట్టు మీద ఆ తరానికున్న నమ్మకం చిన్నదేం కాదు, నేను కొట్టిపారేయలేదు. ఒక్కటే చెప్పాను: "అమ్మా, ముంజేతికైతే అటూ ఇటూ బద్దలు పెట్టి బిగించొచ్చు. ఈ ఎముక ఊపిరి తీసినా కదులుతుంది, దగ్గినా కదులుతుంది. బద్ద పెట్టడానికి చోటేదీ?" ఆవిడ కాసేపు తన కాలర్ బోన్ మీద వేళ్లు పెట్టుకుని ఊపిరి తీసి చూసుకుంది. ఇంక మాట్లాడలేదు.

స్లింగులో ఆరు వారాలు

మొదటి రెండు వారాలు పెద్ద పనేమీ ఉండదు. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి గంటకోసారి ఆడించాలి. పడుకోవడం మాత్రం పెద్ద సమస్య. వెల్లకిలా పడుకుంటే భుజం వెనక్కి వాలి విరిగిన చోట లాగుతుంది. వాళ్లింట్లో వాలుకుర్చీ ఉండటం కలిసొచ్చింది, దాదాపు మూడు వారాలు అందులోనే నిద్ర.

మూడో వారం నుంచి లోలకం కసరత్తు. నడుము వంచి ఎడమ చెయ్యి బల్లకి ఆనించి, కుడి చేతిని గడియారం లోలకంలా వేలాడదీసి ఊపడం. "పీరియడ్ ఎంత మేడమ్?" అని అడిగారు. ఆయన అడిగింది ఊగే కాలం, నేను చెప్పింది రోజుకి ఎన్నిసార్లో. కాసేపటికి గానీ ఇద్దరికీ అర్థం కాలేదు.

ఆయన తొందరంతా సైకిల్ గురించే. మూడో వారం చివర అపార్ట్‌మెంట్ జిమ్‌లో కదలని సైకిల్‌కి ఒప్పుకున్నాను, ఒక్క షరతు మీద: కుడి చెయ్యి స్లింగ్‌లోనే ఉండాలి, హ్యాండిల్ మీద బరువు వేయకూడదు. మొదట పది నిమిషాలు, తర్వాత ఇరవై. నాకు ఇందులో రెండు లాభాలు కనిపించాయి. షుగర్ అంచున ఉన్న మనిషి ఆరు వారాలు కుర్చీలో కూర్చోకూడదు. పైగా మనిషి కుంగిపోతే భుజం కూడా బిగుసుకుపోతుందని నా అనుభవం. రెండోది రుజువు చేయమంటే చేయలేను.

శివరాత్రి జలుబు

"శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అంటారు. ఆ ఏడాది ఫిబ్రవరి 26న శివరాత్రి. సార్ ఉపవాసం, జాగారం రెండూ చేశారు. చలి పోతూ పోతూ జలుబుని ఆయనకి అంటగట్టి పోయింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా దగ్గర పొద్దున పదహారు పదిహేడు డిగ్రీలుండి మధ్యాహ్నానికి ముప్ఫై మూడు దాటే రోజులుంటాయి. స్వెట్టర్‌తో బయల్దేరి బనియన్‌తో తిరిగొచ్చే కాలం.

విరిగిన కాలర్ బోన్ ఉన్నవాడికి తుమ్ము ఎంత పనిచేస్తుందో మామూలు మనుషులు ఊహించలేరు. క్లినిక్‌లో నా ఎదురుగానే వచ్చిందొకటి. ముక్కుపుటాలు అదిరాయి, కళ్లు మూతలు పడ్డాయి. మనిషి దాన్ని మింగేద్దామని చూశాడు, కుదరలేదు. తుమ్మాక భుజం పట్టుకుని అలాగే వంగిపోయారు, కంట్లోంచి నీళ్లు. ఐదు వారాలు దాటాక అతికే చోట కొత్త ఎముక జిగురులా చేరుకుని ఉంటుంది, ఒక తుమ్ముకి ఊడిపోదు. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. చిట్కా చెప్పాను: తుమ్ము వచ్చేట్టుంటే కుడి మోచేతిని పక్కటెముకలకి ఆనించి, ఎడమ చేత్తో ఛాతీకి అదిమి పట్టుకుని, కాస్త ముందుకి వంగి తుమ్మాలి. ఆపుకోకూడదు. తర్వాత నాలుగు రోజులు ఆయన ఇంట్లో తుమ్ము వినిపిస్తే అందరూ తన వైపు పరిగెత్తుకొచ్చేవాళ్లని చెప్పారు.

జలుబులో జిమ్ సైకిల్ తొక్కొచ్చా అని అడిగారు. మేమంతా వాడే మోటు లెక్క ఒకటుంది. లక్షణాలు మెడ పైనే ఉంటే, అంటే ముక్కు కారడం, కాస్త గొంతు గరగర, సగం జోరుతో తొక్కొచ్చు. మెడ కిందికి దిగితే, అంటే జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు, అసలు వద్దు. మొదటి రోజు మెడ పైనే ఉంది, తొక్కారు. రెండో రోజు పొద్దున చేతి గడియారం చూసుకుంటే మామూలుగా 58 ఉండే నాడి 71 చూపించింది, సాయంత్రానికి జ్వరం. మూడు రోజులు పక్క మీదే. జ్వరంలో కసరత్తు చేస్తే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం అరుదే గానీ ఉంది. ఇక్కడ మొండితనం పనికిరాదు.

జ్వరం తగ్గినా పొద్దుటి తుమ్ములు తగ్గలేదు, కళ్లు దురద కూడా తోడైంది. వసంతం అంటే కోకిల, మామిడి పూత అంటాం గానీ నా క్లినిక్‌లో వసంతం అంటే ముక్కు చీదే జనం. వేప, తుమ్మ జాతులు, రోడ్డు పక్కన ఏపుగా పెరిగే వయ్యారిభామ, వీటిలో ఏది ఎవరికి పడదో పరీక్ష చేయిస్తే తప్ప తేలదు. వాళ్ల ఫ్యామిలీ డాక్టరు అలర్జీకి రాత్రి పూట సెట్రిజిన్ రాశారు. నా వంతుగా చెప్పింది ఒక్కటే: ఆ మాత్ర మత్తు పొద్దున దాకా ఉండే మనుషులున్నారు, తలకి మబ్బు పట్టినట్టుంటే ఆ రోజు రోడ్డెక్కొద్దు.

మార్చి 3న ఆరు వారాల ఎక్స్‌రే. విరిగిన చోట చుట్టూ తెల్లటి మబ్బులా కొత్త ఎముక. డాక్టరు స్లింగ్ తీసేశారు. నేను కోణాలు కొలిచాను. చెయ్యి ముందుకి ఎత్తితే 110 డిగ్రీలు, పక్కకి ఎత్తితే 90. మోచెయ్యి నడుముకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పమంటే 30 డిగ్రీలే వచ్చింది, ఎడమ వైపు అదే 70. ఈ చివరి అంకె నాకు టెన్షన్ పెట్టింది. బయటికి తిరగడం ఇంతగా తగ్గిందంటే ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు నెలల తరబడి బిగుసుకుపోయే జబ్బు, తలుపు తడుతోందేమో అనుకోవాలి. నలభై దాటి, షుగర్ అంచున ఉండి, భుజం ఆరు వారాలు కట్టేసి ఉంచిన మనిషిలో మరీనూ. వారానికి మూడుసార్లు రమ్మన్నాను. ఇంట్లో కర్రతో, గోడ మీద వేళ్ల నడకతో, తర్వాత రబ్బరు బ్యాండుతో కసరత్తులు.

గురి కూడా ఆయన భాషలోనే పెట్టుకున్నాం. 160 డిగ్రీలు అంటే ఎవరికి కావాలి? బోర్డు మీద పై వరుసలో ఆగకుండా ఒక సమీకరణం రాయాలి, అదీ గురి. క్లినిక్ గోడకి చార్టు అంటించి స్కెచ్ పెన్ను ఇచ్చాను. మొదటి రోజు ఆయన రాసిన వర్గ సమీకరణం ఎడమ నుంచి కుడికి కొండ దిగినట్టు జారిపోయింది. మార్చి 5న ఇంటర్ పరీక్షలు మొదలయ్యాయి, ఆయనకి ఇన్విజిలేషన్ డ్యూటీ. తర్వాత స్పాట్ వాల్యుయేషన్, రోజంతా వంగి పేపర్లు దిద్దడం. మెడ పట్టేసిందని మధ్యలో ఒకసారి వచ్చారు. అది రెండు రోజుల్లో పోయింది.

మళ్లీ రోడ్డు మీదికి

తొమ్మిది వారాలు నిండాక, మార్చి 23 ఆదివారం బయట తొక్కడానికి ఒప్పుకున్నాను. కుడి చెయ్యి 150 డిగ్రీలు లేస్తోంది, గోడకి ఆనించి రెండు చేతుల మీదా బరువు వేస్తే నొప్పి లేదు, హఠాత్తుగా బ్రేకు వేసినట్టు గట్టిగా నెట్టినా తట్టుకుంటోంది. కానీ మళ్లీ పడితే? కొత్తగా అతికిన ఎముక మామూలు గట్టిదనానికి రావడానికి ఇంకా వారాలు పడుతుంది. అందుకే హిమాయత్‌సాగర్ వద్దన్నాను, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మాత్రమే.

తెలియనివాళ్ల కోసం: అది 2023 అక్టోబరు 1న తెరిచారు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, తెరిచినప్పుడు మొత్తం 23. నాలుగున్నర మీటర్ల వెడల్పు, మోటారు బళ్లు రావు, నెత్తిన సోలార్ పలకల నీడ. రోడ్డు మీద అలవాటైన వాళ్లు అక్కడ బోర్ అంటారు. ఎముక అతుకుతున్న వాళ్లకి బోరే కావాలి.

ఆరు కిలోమీటర్లు తొక్కి ఫోన్ చేశారు. భుజం బాగుంది, తొడలు మాత్రం పోయాయట. మార్చి 30న ఉగాది, పచ్చడి తినకముందే పదిహేను కిలోమీటర్లు. ఏప్రిల్ 3 మధ్యాహ్నం హైదరాబాద్‌లో కుండపోత పోసింది, చార్మినార్ మినార్ నుంచి చిన్న పెచ్చు ఊడిపడిన వాన అది. మర్నాడు తొక్కొద్దన్నాను. ఎండు వేపాకు, రావి ఆకు ఊడి రోడ్డంతా పరిచి ఉంటాయి ఈ కాలంలో, తడిస్తే సబ్బు ముక్కల్లా జారతాయి. ఇసుక మీద పడ్డ మనిషికి ఆకు సంగతి వేరే చెప్పాలా?

ఎండ ముదిరే కొద్దీ సమయం ఐదింటికి జరిగింది. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు నీడపట్టున గడిపిన ఈయనకి ఆ అలవాటు లేదు. సీసాలో ఉప్పేసిన మజ్జిగ పోసుకెళ్లమన్నాను, అదే తాగారు.

ఈ మధ్యలోనే ఒక సెగగడ్డ. సీటుకి ఆనే చోట కుడి పక్కన, శనగగింజంత. చెప్పడానికి మొహమాటపడి వాళ్లావిడ చేత ఫోన్ చేయించారు. "వేడి చేసిందండీ, సబ్జా గింజలు తాగుతున్నారు." తాగితే మంచిదే, నష్టమేం లేదు. కానీ అది సీటు ఒరిపిడికి వెంట్రుక మొదట్లో వచ్చిన గడ్డ. ప్యాడ్ ఉన్న సైకిల్ షార్ట్స్ కింద ఈయన లోపల మామూలు డ్రాయరు కూడా వేసుకుంటున్నారు. దాని కుట్టు సరిగ్గా ఆ చోటే నొక్కుతోంది. ప్యాడ్ షార్ట్స్ ఒంటికి నేరుగా వేసుకోవాలి, తొక్కి రాగానే విప్పి ఉతకాలి. ఐదు రోజులు విరామం, గోరువెచ్చటి నీళ్ల కాపడం. తగ్గింది. ఆ గడ్డ ఇన్నేళ్లు రాకుండా ఇప్పుడే ఎందుకొచ్చిందని అప్పుడే అడగాల్సింది. అడగలేదు.

మోకాలు

ఉగాది రైడు తర్వాత రెండు మోకాళ్లలోనూ ముందు వైపు, చిప్ప చుట్టూ నొప్పి మొదలైంది, కుడి వైపు ఎక్కువ. మెట్లు ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు బాధ. సినిమాకి వెళ్లి ఇంటర్వెల్‌లో లేస్తే మోకాలు చాచలేకపోయారు. ఈ సినిమా హాలు లక్షణం మా పుస్తకాల్లో కూడా ఉంది, మోకాటి చిప్ప వెనక ఒత్తిడి పెరిగిందనడానికి గుర్తు. పదికి ఐదు అన్నారు నొప్పిని.

నాకు కారణం వెంటనే దొరికింది. దొరికిందనుకున్నాను. తొమ్మిది వారాలు రోడ్డెక్కలేదు, తొడ కండరం తగ్గింది, ఇప్పుడు ఒక్కసారిగా దూరం పెంచారు. టేపుతో కొలిస్తే కుడి తొడ ఎడమ దానికన్నా ఒక సెంటీమీటరు తక్కువ కూడా ఉంది. ఇంకేం కావాలి? దూరం సగానికి తగ్గించాను. తొడకీ పిరుదుకీ కసరత్తులు ఇచ్చాను, చిప్పకి టేపు వేశాను. వారం, రెండు వారాలు, మూడు. ఐదు కాస్తా నాలుగైంది, నాలుగు దగ్గరే నిలబడింది. కసరత్తులు ఎగ్గొడుతున్నారేమోనని అనుమానించాను కూడా. లెక్కల సార్ రోజూ టిక్కులు పెట్టిన నోటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. నాకే సిగ్గేసింది.

ఏప్రిల్ 20 ఆదివారం తొక్కి వచ్చాక ఇంకోటి. కుడి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరి. సాయంత్రం దాకా పోలేదు. ఆయన బాగా భయపడ్డారు, నిజం చెప్పాలంటే నేనూ భయపడ్డాను. కాలర్ బోన్ వెనకాలే చేతికి వెళ్లే నరాల మూట ఉంటుంది. అతికిన చోట కొత్త ఎముక ఉబ్బెత్తుగా పెరిగి ఆ మూటని నొక్కితే సరిగ్గా ఈ రెండు వేళ్లే తిమ్మిరెక్కొచ్చు.

పరీక్ష ఇలా చేశాను. కళ్లు మూసుకోమని, దూది కొసతో తాకుతూ వచ్చాను. చిటికెన వేలు అరచేతి వైపు మొద్దుబారి ఉంది. అదే వేలికి ఎగువన, చేతి వెనక భాగంలో తాకితే మామూలుగానే తెలుస్తోంది. ముంజేతి లోపలి అంచు కూడా మామూలే. ఈ తేడాలోనే జవాబుంది. చేతి వెనక వైపు స్పర్శని చూసే కొమ్మ, చిటికెన వేలి వైపు నడిచే ఉల్నార్ నరం నుంచి మణికట్టుకి ముందే విడిపోతుంది. కాలర్ బోన్ దగ్గరో మోచేతి దగ్గరో నొక్కుడు పడితే వెనక వైపు కూడా మొద్దుబారాలి. బారలేదంటే నొక్కుడు మణికట్టు దాటాకే, చిటికెన వేలి వైపు అరచేతి మడమ దగ్గరే, అంటే మణికట్టుకి ఆనుకున్న దళసరి భాగంలో. అక్కడ వేలితో తట్టగానే "ఆ, అదే మేడమ్, కరెంటు కొట్టినట్టుంది" అన్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి లాగితే గట్టిగానే పట్టుకున్నారు, కండరం బలం తగ్గలేదు.

అంటే హ్యాండిల్ నొక్కుతోంది. సరే, నాలుగేళ్లుగా అదే హ్యాండిల్, అవే చేతులు. ఇప్పుడే ఎందుకు నొక్కుతోంది? బరువు ముందుకి ఎందుకు వచ్చింది?

అప్పుడు అడిగాను, మూడు వారాల ముందు అడగాల్సిన మాట: "సార్, సైకిల్ తీసుకురాగలరా?"

సీటు

మర్నాడు సాయంత్రం కొడుకుతో కలిసి తెచ్చారు. మా బిల్డింగ్ లిఫ్టులో పట్టలేదు, కుర్రాడే మెట్ల మీద మోసుకొచ్చాడు. తొమ్మిదో తరగతి. సైకిల్ వెనక చక్రాన్ని స్టాండులో బిగించి సార్‌ని ఎక్కించాను. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు తుంటి ఎముక, మోకాలు, చీలమండ మీద మార్కు పెట్టి, కోణాలు కొలిచే గోనియోమీటరుతో చూస్తే మోకాలు 43 డిగ్రీలు వంగి ఉంది. మామూలుగా 25 నుంచి 35 మధ్య ఉండాలి. అంటే ప్రతి తొక్కుడులోనూ మోకాలు అవసరం కన్నా ఎక్కువ ముడుచుకుని తోస్తోంది. నిమిషానికి ఎనభై తొక్కుళ్లు వేసుకున్నా గంటకి నాలుగు వేల ఎనిమిది వందలు. నా రబ్బరు బ్యాండు కసరత్తులు దీని ముందు ఏపాటి?

పెడల్ కాడలు రెండూ తిరిగే నడిమి ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా కొలిస్తే 69.2 సెంటీమీటర్లు. సార్ కాళ్ల లోపలి కొలత తీశాను, రెండు కాళ్ల మధ్య పుస్తకం పైకి నొక్కి పెట్టి గోడ మీద గీత గీసి. 81.5. దీన్ని 0.883తో హెచ్చవేస్తే సీటు ఎత్తు వస్తుందని పాత లెక్క ఒకటి సైక్లిస్టులు వాడతారు. నేను ఫోన్ తీసేలోపే ఆయన నోటితో చెప్పేశారు: "71.96." ఉండాల్సింది దాదాపు 72, ఉన్నది 69.2.

సీటు మీద అట్ట పెట్టి దాని మీద ఫోన్ పెట్టి మట్టం చూస్తే ముక్కు ఆరు డిగ్రీలు కిందికి వాలి ఉంది. కూర్చున్న మనిషి ముందుకి జారుతూనే ఉంటాడు, జారకుండా చేతులతో వెనక్కి నెట్టుకుంటూనే ఉంటాడు. అరచేతి మడమ, చిటికెన వేలి నరం, సెగగడ్డ, అన్నీ ఒక్క చోట కలిశాయి.

"నాలుగేళ్లుగా ఈ సీటు ఎవరూ ముట్టుకోలేదు మేడమ్" అన్నారు సార్.

వెనకాల కుర్రాడు గోడకి ఇంకా దగ్గరగా జరిగాడు. "ఆంటీ... నాన్న స్లింగ్‌లో ఉన్నప్పుడు నేను తొక్కాను." సీటు దించడానికి ఏ బోల్టు విప్పాలో తెలీక ముందు సీటు కింది బోల్టు విప్పాడట, ముక్కు వాలింది. అది కాదని తెలిసి చేతికొచ్చినట్టు బిగించి, తర్వాత గొట్టం బిగింపు విప్పి దించుకున్నాడు. మార్చి 22 సాయంత్రం, రేపు నాన్న తొక్కుతారని గుర్తొచ్చి, అంచనాగా పైకి లేపి పెట్టాడు. అంచనా దాదాపు మూడు సెంటీమీటర్లు తప్పింది. అమ్మకీ నాన్నకీ తెలియకుండా రోజూ సందుల్లో తిరిగాడు గనక ఎవరికీ చెప్పలేదు. సార్ ఏమైనా అంటారేమోనని చూశాను. ఆయన చాలాసేపు సీటు వంకే చూసి, "ఎంత ఎత్తుకి దించుకున్నావురా నువ్వు?" అని మాత్రం అడిగారు.

సీటు ఒకేసారి 72కి ఎత్తలేదు. ముందు 70.6, వారం తర్వాత 72. కొత్త ఎత్తుకి వెళ్లే మనిషికైతే ఇంకా చిన్న అడుగులు వేయిస్తాను. ఈయన ఒళ్లు నాలుగేళ్లు ఆ ఎత్తులోనే ఉంది గనక రెండు అడుగులు చాలనిపించింది. 72 దగ్గర మళ్లీ కొలిస్తే మోకాలి కోణం 31. ముక్కు మట్టానికి తెచ్చాను. భుజం ఇంకా పూర్తిగా సాగలేదు గనక హ్యాండిల్ కింద ఒక వాషరు పెట్టించి సెంటీమీటరు పైకి లేపించాను, జెల్ ఉన్న గ్లవ్స్ కొనిపించాను, పది నిమిషాలకోసారి చేతులు పట్టే చోటు మార్చమన్నాను.

వేళ్ల తిమ్మిరి పన్నెండు రోజుల్లో పోయింది. మోకాలి నొప్పి రెండు వారాల్లో నాలుగు నుంచి ఒకటికి దిగింది, మే నెల మధ్యకి మెట్ల మీద కూడా లేదు. మొదటి మూడు వారాల కసరత్తు వృథా అని ఒప్పుకోను, తొడ కొలత అర సెంటీమీటరు పెరిగింది, అది కూడా లోపల్లోపల పనిచేసే ఉంటుంది. ఏది ఎంత పనిచేసిందో విడదీయడానికి ఇది ప్రయోగశాల కాదు. కానీ రెండు మోకాళ్లూ ఒకేసారి నొప్పెట్టినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కండరం కుడి తొడలోనే కదా తగ్గింది, ఎడమ మోకాలు ఎందుకు నొప్పెట్టాలి? నా కేస్ షీట్‌లో ఆ మాట నా చేతిరాతతోనే ఉంది, "రెండు వైపులా" అని, కింద గీత కూడా గీసి ఉంది.

భుజం సంగతి మర్చిపోయేలోపు: పద్దెనిమిదో వారంలో ముందుకి 170, బయటికి 60. ఫ్రోజెన్ షోల్డర్ రాలేదు. విరిగిన చోట చర్మం కింద చిన్న బుడిపె చేతికి తగులుతుంది, అది అలాగే ఉండిపోతుంది. జూన్‌లో కాలేజీ తెరిచాక బోర్డు ఫొటో ఒకటి పంపారు, పై వరుసలో సమీకరణం, గీత గీసినట్టు తిన్నగా ఉంది.

ఇప్పుడు నా దగ్గరికి సైకిల్ తొక్కేవాళ్లు మోకాలో, వీపో, చేతులో నొప్పని ఫోన్ చేస్తే మా రిసెప్షన్ అమ్మాయి మొదటి రోజే సైకిల్ తెమ్మంటుంది. లిఫ్టులో పట్టదని విసుక్కునేవాళ్లున్నారు. కింద వాచ్‌మన్ గది పక్కన చోటు అడిగి పెట్టుకున్నాం.

సార్ సైకిల్ చివరిసారి చూసినప్పుడు సీటు గొట్టం చుట్టూ రెండు ఇన్సులేషన్ టేపులు చుట్టి ఉన్నాయి. నల్లది నాన్నది, దానికి ఆరు సెంటీమీటర్ల ఎడంలో ఎర్రది కొడుకుది. ఎర్ర టేపు పక్కన బాల్ పెన్నుతో తేదీ రాసి ఉంది. వాడు పొడవవుతున్నాడు గదా, నెలకోసారి జరుపుతున్నారట.